ఇన్వర్టర్ జవాబు కాదు

హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో ఎండాకాలం కరెంటు గురించి ఎవరైనా గోడు చెప్పుకుంటే ఎదుటివాళ్ల నోట వచ్చే మాట ఒకటే: "ఇన్వర్టర్ పెట్టించుకోలేదా?" చుట్టాలు అదే అంటారు, ఆఫీసులో తోటివాళ్లు అదే అంటారు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో చివరికి తేలేదీ అదే. కాస్త చదువుకున్నవాళ్లు దానికి ఇంకొంత కలుపుతారు. రాష్ట్రంలో ఇరవై నాలుగు గంటలూ కరెంటు ఉంది, కోతలు ఎప్పుడో పోయాయి, గాలివానకో చెట్టుకొమ్మకో పావుగంట పోతే ఇంత రాద్ధాంతం ఎందుకు, ఎవరి ఏర్పాటు వాళ్లు చేసుకోవాలి అంటారు. ఈ అభిప్రాయం ఎంత గట్టిపడిందంటే, కాదన్నవాడు పిసినారిగానో గొడవలమారిగానో కనిపిస్తాడు. అయినా కాదనే అంటున్నాను. ఈ అభిప్రాయం తప్పు. మన వీధుల్లో కరెంటు బాగుపడకుండా అడ్డం పడుతున్నవాటిలో ఇదే పెద్దది.

ముందు ఇరవై నాలుగు గంటల సంగతి. అందులో నిజముంది, దాన్ని నేను తక్కువ చేయను. 2012 నాటి రోజులు గుర్తున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నాచారం, ఉప్పల్, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో వారానికి మూడు రోజులు పవర్ హాలిడే అన్న కాలం అది. ఇళ్లకు రోజూ గంటల లెక్కన కోత. ఏ ఏరియాకు ఎప్పుడు పోతుందో పొద్దున్నే పేపర్లో చూసుకుని దోసెల పిండి ఎప్పుడు రుబ్బాలో, మోటారు ఎప్పుడు వేయాలో నిర్ణయించుకునేవాళ్లం. 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో కలిసింది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక బయటి నుంచి కరెంటు కొన్నారు, కొత్త యూనిట్లు కట్టారు, సోలార్ ప్లాంట్లు వచ్చాయి. ప్రకటించి మరీ తీసే కోతలు ఆగిపోయాయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి కూడా ఇరవై నాలుగు గంటల సరఫరా మొదలుపెట్టారు. 2025 మార్చిలో రాష్ట్రం గరిష్ఠ డిమాండు 17 వేల మెగావాట్లు దాటింది. అంత కరెంటు తెచ్చి నిలబెట్టడం చిన్న పని కాదు.

అయితే ఆ కరెంటు ఎక్కడిదాకా వచ్చిందో చూడాలి. ఘనపూర్ 400 కేవీ సబ్‌స్టేషన్ దాకా వచ్చింది. మౌలాలి దాకా వచ్చింది. అక్కడి నుంచి 33/11 కేవీ సబ్‌స్టేషన్, దాన్నుంచి 11 కేవీ ఫీడరు, సందు మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి స్తంభాల మీద ఎల్‌టీ తీగలు, చివరి స్తంభం నుంచి మన మీటరుకు సర్వీసు వైరు. నాచారంలో కరెంటు పోయిన ప్రతిసారీ సింగరేణిలో బొగ్గు తక్కువై పోవడం లేదు. ఈ ఆఖరి కిలోమీటరులోనే పోతోంది. "రాష్ట్రంలో కరెంటుకు కొరత లేదు" అన్న మాటకీ, మా ఇంట్లో ఫ్యాను తిరగకపోవడానికీ మధ్య ఉన్నది ఆ కిలోమీటరే. ఉత్పత్తి లెక్కలు చూపించి పంపిణీ గురించిన ప్రశ్నను నోరు మూయించడం మొదటి పొరపాటు.

మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లి ఒకసారి నిలబడి చూడండి. ఫ్యూజు బాక్సు తలుపు చాలాచోట్ల ఒక కీలు మీద వేలాడుతుంటుంది, కొన్నిచోట్ల తలుపే ఉండదు. లోపల పింగాణీ గ్రిప్పుల్లో సరైన కొలత ఫ్యూజు వైరు ఉండాలి. దాని బదులు రెండు మూడు పేటలు మెలేసిన తీగ కనిపిస్తుంది. ఎక్కువ లోడు పడ్డప్పుడు ముందుగా కరిగి మిగతావాటిని కాపాడటమే ఫ్యూజు పని. లావు తీగ వేస్తే అది కరగదు. ఆ వేడి కేబుల్ జాయింటుకు ఎక్కుతుంది, చివరికి ట్రాన్స్‌ఫార్మర్ లోపలి చుట్టకు తగులుతుంది. కింద చెత్తకుప్ప, ఎవరో ఒకరు దానికి నిప్పు పెడతారు. ఎర్తింగ్ గుంతలో నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో చూస్తేనే తెలుస్తుంది, మట్టి నెర్రెలు విచ్చి ఉంటుంది. ఎర్తింగ్ ఎండి, పైన న్యూట్రల్ తీగ కూడా తెగితే ఒక ఫేజు మీది ఇళ్లకు 230 వోల్టుల బదులు 300 పైన వస్తుంది, పక్క ఫేజు వాళ్లకు సగం కూడా రాదు. లైట్లు ఒక్కసారి తెల్లగా మండి ఆరిపోతాయి, టీవీ వెనక నుంచి కాలిన వాసన వస్తుంది, ఫ్రిజ్ బోర్డు పోతుంది. "న్యూట్రల్ కట్ అయింది" అని తర్వాత ఒక్క ముక్కలో చెబుతారు. ఆ ఒక్క ముక్క ఖరీదు పది ఇళ్లలో కలిపి లక్ష దాటవచ్చు. ఇళ్లకిచ్చే వోల్టేజి ఆరు శాతం కంటే అటూ ఇటూ పోకూడదని నిబంధన. అంటే 216కు తగ్గకూడదు, 244కు మించకూడదు. ఏప్రిల్ రాత్రి పదింటికి, వీధిలో ఏసీలన్నీ నడుస్తుండగా, చివరి స్తంభం మీది ఇంట్లో ఫ్యాను ఎంత మెల్లగా తిరుగుతుందో ఆ ఇంట్లో పడుకున్నవాళ్లకు తెలుసు. వాళ్లను కరెంటు పోయినవాళ్ల లెక్కలో ఎవరూ వేయరు.

ఇక్కడే ఇంత ఎందుకంటే దానికీ కారణముంది. ఉప్పల్ 2007 ఏప్రిల్ దాకా వేరే మున్సిపాలిటీ, గ్రేటర్‌లో కలిసింది తర్వాతే. నూరు, నూటయాభై గజాల జాగాల్లో ఒక అంతస్తు ఇళ్లుండేవి. వాటి చోట ఇప్పుడు నాలుగంతస్తులు, పైన పెంట్‌హౌసు. 2017 నవంబరులో మెట్రో వచ్చాక అద్దెకుండేవాళ్లు, హాస్టళ్లు ఇంకా పెరిగారు. ఒక ఇంటికి వేసిన సర్వీసు ఉన్నచోట ఎనిమిది మీటర్లు, ఒక్కో ఫ్లాటులో రెండేసి ఏసీలు. స్తంభాలు మాత్రం పాతవే, చాలా సందుల్లో తీగలూ పాతవే. ఇందులో మన పాలూ ఉంది. మీటరు తీసుకునేటప్పుడు రెండు కిలోవాట్లు రాయించుకుని, డెవలప్‌మెంట్ ఛార్జీలు మిగులుతాయని అలాగే ఉంచి, తర్వాత ఐదు కిలోవాట్లు వాడే ఇళ్లు వీధి నిండా ఉన్నాయి. కాగితం మీద ఆ ట్రాన్స్‌ఫార్మర్ సుఖంగా ఉంటుంది. దాన్ని పెంచాలని అడగడానికి సెక్షన్ ఆఫీసు ఫైల్లో ఆధారమే దొరకదు.

ఇప్పుడు ఇన్వర్టర్ లెక్కకు వద్దాం. మధ్యతరగతి ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఒక ఇన్వర్టరు, దాని పక్కన 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ. పన్నెండు వోల్టుల చొప్పున అది 1.8 యూనిట్లు. మొత్తం పిండితే బ్యాటరీ పాడవుతుంది, మార్పిడిలో కొంత పోతుంది కాబట్టి చేతికి వచ్చేది యూనిట్ పైచిలుకు. మూడు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, టీవీ, వైఫై పెడితే మూడు గంటలు, కొత్త బ్యాటరీ అయితే నాలుగు. లిఫ్టు నడవదు. బోరు మోటారు నడవదు. ఫ్రిజ్ కలపొద్దని పెట్టినవాడే చెప్పి వెళ్తాడు. లో వోల్టేజి వస్తే పరిస్థితి ఇంకా విచిత్రం. యూపీఎస్ మోడ్‌లో పెట్టిన ఇన్వర్టరు దాదాపు 180 వోల్టుల కిందికి వస్తే కరెంటు లేనట్టే లెక్కగట్టి బ్యాటరీ మీదికి మారిపోతుంది. వీధిలో కరెంటు ఉండగానే ఇంట్లో బ్యాటరీ అయిపోతుంది. నిజంగా పోయేసరికి అందులో ఏమీ మిగలదు.

ఎవరూ మాట్లాడని సంగతి ఇంకొకటి ఉంది. కరెంటు రాగానే వీధిలో ప్రతి ఇన్వర్టరూ ఛార్జింగు మొదలుపెడుతుంది. ఒక్కో బ్యాటరీ సుమారు 200 వాట్లు లాగుతుంది. వంద ఇళ్లుంటే ఇరవై కిలోవాట్లు. వంద కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌లో అది అయిదో వంతు. ఆగిన ఫ్రిజ్‌లు, ఏసీలు, ట్యాంకులు నింపే మోటార్లు సరిగ్గా అదే నిమిషంలో మొదలవుతాయి. "వచ్చిందనుకునేలోపు మళ్లీ పోయింది" అని మనం తిట్టుకునేదానిలో మన బ్యాటరీల చెయ్యి కూడా ఉంది. దేన్ని తప్పించుకోవడానికి కొన్నామో దాన్నే అది కొంత పెంచుతోంది.

డబ్బు లెక్క కూడా చూద్దాం. ఇన్వర్టరు, బ్యాటరీ కలిపి ఇరవై వేలకు తక్కువ కాదు. నాలుగైదేళ్లకోసారి బ్యాటరీ మార్చాలి, మధ్యలో డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి. నలభై ఇళ్ల సందులో అందరూ కొంటే ఎనిమిది లక్షలు. ఆ సందుకు ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి లోడు పంచితే అయ్యే ఖర్చు కూడా లక్షల్లోనే ఉంటుంది. అది ఎక్కువ కాలం ఉంటుంది, లిఫ్టూ మోటారూ నడుపుతుంది, కొనలేనివాడికి కూడా వెలుగిస్తుంది. మనం ఖర్చు పెట్టలేక కాదు ఈ స్థితి. విడివిడిగా పెట్టి, ప్రతి నాలుగేళ్లకూ మళ్లీ పెట్టి, సమస్యను ఉన్నచోటనే ఉంచుతున్నాం.

"పావుగంటే కదా" అనేవాళ్లు నాచారం పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ మౌల్డింగ్ షెడ్డులోకి ఒకసారి వెళ్లాలి. మిషన్ నడుస్తుండగా కరెంటు పోతే బ్యారెల్‌లో కరిగిన ప్లాస్టిక్ చల్లబడటం మొదలవుతుంది. తిరిగి రాగానే పని మొదలు కాదు. హీటర్లు వేడెక్కాలి, లోపల చెడిన సరుకంతా బయటికి తోసేయాలి, మొదట వచ్చే ముక్కలు తీసి పారేయాలి. అయిదు నిమిషాలు కరెంటు పోతే అరగంట, ముప్పావుగంట పని పోతుంది. పెద్ద కంపెనీకి జనరేటర్ ఉంటుంది, డీజిల్ ఖర్చు ధరలో కలుపుకుంటుంది. రెండు మిషన్ల షెడ్డు ఓనరు ఏం చేస్తాడు? పీస్‌రేటు మీద పనిచేసే కుర్రవాడికి ఆ అరగంట కూలి ఎవరిస్తారు? బీరప్పగడ్డ, చిలకానగర్ లాంటి చోట్ల ఒకే గదిలో అద్దెకుండి మోటారు కుట్టుమిషన్ మీద జాకెట్లు కుట్టే ఆవిడకు శ్రావణమాసం సీజను. సాయంత్రం గంట పోతే ఆ రాత్రి ఇవ్వాల్సిన జాకెట్టు ఇవ్వలేదు, ఆ గిరాకీ మళ్లీ రాదు. చిన్న మెడికల్ షాపులో ఇన్సులిన్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. ఇంట్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీద ఉన్న పెద్దాయనకు పావుగంట అంటే ఏమిటో ఆ ఇంట్లోవాళ్లను అడగాలి. ఈ నగరంలో కృష్ణా, గోదావరి నీళ్లు చాలా కాలనీలకు రోజు విడిచి రోజు వస్తాయి. సంపు నిండినా పైకి ఎక్కించే మోటారు ఆ పూట నడవకపోతే పిల్లలు నీళ్లు పోసుకోకుండానే స్కూలుకు పోతారు. వీళ్లెవరికీ ఇన్వర్టర్ సలహా పనికిరాదు. పనికొచ్చేది సలహా ఇచ్చేవాళ్లకే.

ఇన్వర్టర్ మీద నాకున్న అసలు అభ్యంతరం ఇంకోటి. దాని ఖరీదు, బరువు, బ్యాటరీలోని సీసం, ఇవన్నీ తర్వాతి సంగతి. వెనకటి రోజుల్లో కరెంటు పోగానే జనం గడపలోకి వచ్చేవాళ్లు. "వదినా, మీకు సుత పోయిందా?" "ఆఁ, మాకూ లేదు. ఎదురు లైనోళ్లకు ఉన్నట్టుంది." "అయితే మన ఫేజే పోయినట్టుంది, రాజన్నను పొమ్మను సబ్‌స్టేషన్‌కు." రెండు నిమిషాల్లో వీధికి తెలిసిపోయేది ఎంతమేర పోయిందో, ఎక్కడ పోయిందో. నలుగురు మగవాళ్లు టార్చిలైటు పట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్లేవాళ్లు, ఒకరు సబ్‌స్టేషన్‌కు బయల్దేరేవాళ్లు. ఇప్పుడు కరెంటు పోతే వీధిలో సగం ఇళ్లలో లైట్లు వెలుగుతూనే ఉంటాయి. పోయిందని కూడా వాళ్లకు తెలియదు, ఇన్వర్టరు చేసే చిన్న శబ్దం తప్ప. వీధిలో పలుకుబడి ఉన్నవాళ్లు, అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) నంబరు దగ్గరున్నవాళ్లు, ఇంగ్లిషులో మెయిల్ రాయగలిగినవాళ్లు ఆ వెలుగున్న ఇళ్లలో ఉన్నారు. చీకటిలో మిగిలినవాళ్లకు ఫోను చేయడానికి బిడియం, చేసినా వినిపించుకుంటారన్న నమ్మకం లేదు. గొంతున్నవాడి అవసరం తీరిపోయింది, అవసరమున్నవాడికి గొంతు లేదు. ఇన్వర్టర్ మనకు చేసిన నష్టం ఇది.

దీనికి సాంకేతికమైన పర్యవసానం కూడా ఉంది. 11 కేవీ ఫీడరు ట్రిప్ అయితే సబ్‌స్టేషన్‌లో తెలుస్తుంది, మీటర్లలో నమోదవుతుంది. ఒక వినియోగదారుడికి ఏడాదికి సగటున ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు కరెంటు లేదన్న సూచికలు ఆ ఫీడర్ల లెక్క నుంచే తీస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఒక ఫేజు ఫ్యూజు పోతే, ఎల్‌టీ తీగ తెగితే, జాయింటు కాలితే చాలాచోట్ల ఆ సంగతి తనంతట తాను ఎవరికీ చేరదు. ఎవరో ఫోను చేస్తేనే అది జరిగినట్టు. మన ఇళ్లలో ఎక్కువగా పోయేది ఆ కింది భాగంలోనే. ఫోను చేయకపోతే ఆ గంట ఏ లెక్కలోనూ ఉండదు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలన్న ప్రతిపాదనకు ఆధారమూ ఉండదు. జర్మనీలో ఇదే సూచిక ఏడాది మొత్తానికి పదిహేను నిమిషాల లోపు ఉంటుంది. అక్కడ పావుగంట ఒక ఏడాది లెక్క. ఇక్కడ ఒక సాయంత్రం పోయిన పావుగంటను కూడా "అంతేకదా" అని వదిలేస్తున్నాం.

కరెంటు ఎవరి ఇంటి గొడవ వాళ్లదే అనుకోవడం ఈ నగరంలో మొదటినుంచీ లేదు. 2000 ఆగస్టు 28న ఛార్జీల పెంపుకు వ్యతిరేకంగా అసెంబ్లీ వైపు కదిలిన జనం మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. బాలస్వామి, రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత పాతికేళ్లుగా ఈ రాష్ట్రంలోగానీ ఆంధ్రలోగానీ ఏ ప్రభుత్వం ఛార్జీలు ముట్టుకోవాలన్నా ఆ రోజును తలుచుకోక తప్పడం లేదు. ధర గురించి అంత పట్టుబట్టిన మనమే నాణ్యత దగ్గరికి వచ్చేసరికి బ్యాటరీ కొట్టుకు దారి పట్టాం.

"జీరో బిల్లు తీసుకుంటూ ఇంకా నాణ్యత అడుగుతారా" అనే వాదన ఈ మధ్య ఎక్కువైంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హులకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. నిజమే. అయితే ఆ కరెంటు ఊరికే రావడం లేదు. వినియోగదారుడి బదులు ప్రభుత్వం కట్టాలి. సబ్సిడీ సొమ్ము పంపిణీ సంస్థకు ముందుగానే చెల్లించాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చెబుతోంది. ఎవరు కట్టినా అది ఖరీదు కట్టిన సరుకే. 200 దాటి వాడేవాళ్లు, దుకాణాలు, షెడ్లు పూర్తి ధర కడుతున్నాయి, వాళ్లకూ అదే తీగ. పేదవాడికి బిల్లు మాఫీ చేశాం కాబట్టి వాడి స్తంభం బాగుచేయనక్కర్లేదన్న మాట ఏ చట్టంలోనూ లేదు.

కొత్తగా వినిపిస్తున్న మందు సోలార్. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్ల ప్యానళ్లకు 78 వేల రూపాయల సబ్సిడీ వస్తుంది. పెట్టించుకోండి, మంచిదే, బిల్లు తగ్గుతుంది. "సోలార్ ఉంటే ఇక కరెంటు పోయినా మనకేం" అనుకుని మాత్రం పెట్టించుకోవద్దు. మేడల మీద పెడుతున్నవాటిలో ఎక్కువభాగం ఆన్‌గ్రిడ్. వీధిలో కరెంటు పోతే ఎండ మండిపోతున్నా అవి ఆగిపోతాయి. ఆగిపోవాలి కూడా. లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన మనిషికి మన ప్యానళ్ల కరెంటు తగలకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. దానికి బ్యాటరీ జత చేయాలంటే ఖర్చు మళ్లీ పైకి పోతుంది, మళ్లీ కొనగలిగినవాడి దగ్గరే ఆగుతుంది.

ఈ దారిలో చివరిదాకా నడిచిన చోటొకటి ఉంది. కరీబియన్ సముద్రంలోని ప్వెర్టోరికో ద్వీపంలో 2017 సెప్టెంబరు 20న మరియా తుపాను కరెంటు వ్యవస్థను మొత్తం కూల్చేసింది. ఆఖరి ఇళ్లకు మళ్లీ రావడానికి దాదాపు పదకొండు నెలలు పట్టింది. స్తోమత ఉన్నవాళ్లు జనరేటర్లు కొన్నారు, ప్యానళ్లూ బ్యాటరీలూ పెట్టించుకున్నారు. గ్రిడ్డు మాత్రం కుంటుతూనే ఉంది. 2024 డిసెంబరు 31న, కొత్త సంవత్సరం ముందురోజు, ద్వీపం దాదాపు మొత్తం మళ్లీ చీకటైంది. అదే ద్వీపంలో అడ్హుంతాస్ అనే కొండ ఊరు ఇంకోలా ఆలోచించింది. కాసా ప్వెబ్లో అనే స్థానిక సంస్థ చొరవతో ఊరి కూడలిలోని దుకాణాలను సోలార్ మైక్రోగ్రిడ్డుకు కలిపి 2023లో మొదలుపెట్టారు. తుపాను వస్తే ఊరంతా అక్కడ ఫోన్లు ఛార్జి చేసుకోవచ్చు, మందులు చల్లగా పెట్టుకోవచ్చు. ఆ పరికరాలే, ఆ సూర్యుడే. కొన్నది అందరి కోసం కాబట్టి ఫలితం వేరు.

అంత దూరం ఎందుకు, విశాఖపట్నం చాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వేల స్తంభాలు నేలకూల్చింది, నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. ఆ తర్వాత ప్రపంచబ్యాంకు సాయంతో విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టు కింద నగరంలో కొంత భాగానికి భూగర్భ కేబుళ్లు వేశారు. విశాఖవాసులను తలా ఒక జనరేటర్ కొనుక్కోమని వదిలేయలేదు. మనకూ హెచ్చరికలు రాకపోలేదు. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. హబ్సిగూడ, రామంతాపూర్, ఉప్పల్ చెరువుల కింది కాలనీలు మునిగాయి. సెల్లార్లలో పెట్టిన మీటరు బోర్డులు నీళ్లలో ఉండగా సరఫరా ఇవ్వడానికి వీల్లేదు. ఆ ఇళ్లలో కింద పెట్టిన ఇన్వర్టర్లూ నీళ్లలోనే ఉన్నాయి. మీటరు బోర్డులు ఎత్తులోకి మార్చాలన్న మాట ఎన్ని అపార్ట్‌మెంట్లలో పనిగా మారిందో ఈ వానాకాలం ముందు ఎవరికి వాళ్లు దిగి చూసుకోవాలి.

పంపిణీ లైన్లను పట్టించుకోకపోవడం సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదని 2025 ఆగస్టు 17 రాత్రి రామంతాపూర్ గోఖలేనగర్ చెప్పింది. కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయారు. ఆ తర్వాత నగరమంతా స్తంభాల మీద వేలాడుతున్న ఇంటర్నెట్, టీవీ కేబుళ్లు కోయడం మొదలుపెట్టారు. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. ఆ చిక్కు ఎవరికీ కనపడనిది కాదు, ఏళ్ల తరబడి ప్రతి స్తంభం మీదా అందరి కళ్ల ముందే పేరుకుంది. ఏ తీగలో కరెంటుందో, ఏది తెగి ఊరికే వేలాడుతోందో కింద నడిచేవాడికి తెలియదు. పైకెక్కే లైన్‌మన్‌కు కూడా ఒక్కోసారి తెలియదు. ఈ వ్యాసం లైన్‌మన్ మీద కాదు. మే నెల గాలివానలో అర్ధరాత్రి తడి నిచ్చెన మీద నిలబడి జంపర్ కట్టేది అతనే. తన గ్లౌజులు సరిగ్గా ఉన్నాయో లేదో, ఎవరింట్లోనైనా జనరేటర్ నుంచి కరెంటు వెనక్కి వస్తుందో ఏమో అని భయపడుతూ పనిచేసేదీ అతనే. ఒక్కో సెక్షన్‌లో ఇళ్లు ఎన్ని రెట్లు పెరిగాయో, మనుషులు ఎంతమంది పెరిగారో అడగాల్సింది పైవాళ్లను.

"ఫిర్యాదు చేస్తే మాత్రం ఏమవుతుంది" అన్నది ఆఖరి అడ్డు. అవుతుంది. 2024 ఏప్రిల్‌లో ఉప్పల్ క్రికెట్ స్టేడియానికి బకాయిల కారణంగా మ్యాచ్ ముందురోజు కరెంటు తీసేశారు. మ్యాచ్ నాటికి మళ్లీ వచ్చింది. అందరి కళ్లూ దానిమీదే ఉన్నాయి కాబట్టి గంటల్లో తేలింది. మన సందుకు ఆ కళ్లు లేవు, కానీ చట్టం ఉంది. విద్యుత్ నియంత్రణ మండలి పనితీరు ప్రమాణాలు పెట్టింది. పట్టణంలో ఫ్యూజు పోతే నాలుగు పనిగంటల్లో, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే 24 గంటల్లో సరిచేయాలి. తప్పితే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలని 2003 చట్టం 57వ సెక్షన్. కేంద్రం 2020 డిసెంబరులో తెచ్చిన వినియోగదారుల హక్కుల నిబంధనలు ఇంకా ముందుకెళ్లి, కొన్ని సందర్భాల్లో అడగకుండానే పరిహారం ఇవ్వాలంటున్నాయి. పంపిణీ సంస్థ వినకపోతే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్. లాయరు అక్కర్లేదు, తెలుగులో రాసిన ఒక కాగితం చాలు. ఈ హక్కుల్లో ప్రతి ఒక్కదానికీ మొదటి మెట్టు మాత్రం ఒకటే, ఫిర్యాదు నంబరు. ఆ నంబరు లేనివాడికి ఏ ప్రమాణమూ వర్తించదు, ఎందుకంటే గడియారం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లు తీసి పారేయాలని నేను అనడం లేదు. ఇంట్లో రోగి ఉన్నా, పరీక్ష రాసే పిల్లలున్నా అది ఉండాల్సిందే. అది ఉంది కాబట్టి మీ పని అయిపోయిందనుకోవద్దు అంటున్నాను. ఈసారి పోయినప్పుడు, మీ ఇంట్లో లైటు వెలుగుతున్నా సరే, 1912కు ఫోను చేయండి. బిల్లు మీదున్న సర్వీసు నంబరు చెప్పండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి, పోయిన టైము, వచ్చిన టైము పక్కన రాయండి. మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద పెయింటుతో రాసిన నంబరు ఫోటో తీసి పెట్టుకోండి. పక్కింటి అద్దెవాళ్ల తరఫున కూడా మీరే చేయండి. మీ అసలు లోడు ఎంతో అంతా రాయించుకోండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తరఫున ఏఈని రాతపూర్వకంగా అడగండి, ఈ ట్రాన్స్‌ఫార్మర్ కెపాసిటీ ఎంత, దానిమీద లోడు ఎంత, చివరిసారి ఎర్తింగ్ ఎప్పుడు చూశారు అని. మూడు నెలల లెక్క చేతిలో ఉంటే అది వేదిక ముందు ఆధారం. టారిఫ్ మీద నియంత్రణ మండలి బహిరంగ విచారణలు జరుపుతుంది, అక్కడ ఎవరైనా మాట్లాడవచ్చు. వచ్చే విచారణకు ఉప్పల్ నుంచి, నాచారం నుంచి ఆ కాగితాలు పట్టుకుని మనుషులు వెళ్లాలి.